సారాయి తాండా దాకా వచ్చింది, వైద్యం కడప దగ్గరే ఆగింది

(చక్రాయపేటలో సేవాలాల్ జయంతి సభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఈ సభల్లో మామూలుగా మన ఆట గురించి, పాట గురించి, అద్దాల కాంచళి గురించి, గోర్ బోలి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మాకు ఇచ్చిన అంశం వేరు. తాగుడు మాన్పించే ప్రభుత్వ వైద్యం ఎప్పుడు పుట్టింది, ఎక్కడెక్కడ పెరిగింది, మన మండలం దాకా ఎందుకు నడిచి రాలేదు అన్నది అంశం. సంచిక పని మొదలుపెట్టినప్పుడు, ఇది సంస్కృతి సభలో మాట్లాడేదేనా అని కొందరు పెద్దలు అడిగారు. పొద్దున లేస్తూనే చెయ్యి వణికే మనిషి నంగారా ఎట్లా వాయిస్తాడు అని మేము తిరిగి అడిగాం. వాళ్లు ఇంకేమీ అనలేదు. పైగా గుత్తి సీమలో 1739లో పుట్టిన సేవాలాల్ మహరాజ్ మనకు చెప్పిపోయిన మాటల్లో మత్తు జోలికి పోవద్దన్నది ఒకటి. ఏటా ఫిబ్రవరిలో భోగ్ పెట్టి ఆ మాట గుర్తు చేసుకుంటాం. సాయంత్రానికి ఏమవుతుందో ఇక్కడున్న ఆడవాళ్లకు తెలుసు.

ముందే ఒక మాట. తాగుడు తాండా సొత్తేమీ కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల లోపు వాళ్లలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని అది చెప్పింది. అందులో తాగుడు లేకుండా ఉండలేని స్థితికి చేరినవాళ్లే 2.9 కోట్ల దాకా ఉన్నారు. ఇంతమంది తాండాల్లో పుట్టినవాళ్లు కారు కదా. అయినా సారా అనగానే తాండా పేరు ఎత్తడం కొందరికి అలవాటు. బెల్లం అమ్మిన సేటు పేరు, కాచిన సరుకు కొని టౌనులో అమ్మిన వాడి పేరు ఎవరూ ఎత్తరు. మన పెళ్లి మాట ఖాయం చేసుకునేటప్పుడు బెల్లం పంచి గోళ్ ఖాయేరో అంటాం. ఆ బెల్లమే తుమ్మచెక్కతో కలిసి ఊటగా మారి, మన మీదే కేసుగా తిరిగి వచ్చింది.

మన కడప జిల్లాకు ఈ కథలో పాత చోటే ఉంది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. ఏడాది తిరిగేసరికి 1938లో దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు పొడిగించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నిషేధం చూసిన మొదటి మూడు జిల్లాల్లో మనది ఒకటన్నమాట. పోయిన ఎక్సైజు ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో రాజాజీ అమ్మకపు పన్ను తెచ్చారు. ఇప్పుడు మనం సరుకులు కొంటే కట్టే పన్నులకు అది తాత లాంటిది. యుద్ధం రోజుల్లో నిషేధాన్ని పక్కన పెట్టి, 1946 నుంచి మళ్లీ మొదలుపెట్టి, 1948 కల్లా ప్రెసిడెన్సీ అంతటా అమలు చేశారు.

అదే కాలంలో ఎరుకల వాళ్లలాంటి తెగల మీద నేరస్థ తెగల చట్టం ఉండేది. స్టేషనుకు వెళ్లి హాజరు వేయించుకుంటే తప్ప మనిషి ఊరు దాటడానికి లేదు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే మన పెద్దల లెక్కలో సారా సంగతంటే పోలీసు సంగతే. అది డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిన జబ్బు అని అప్పుడు వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాలని సర్కారుకు తోచనూ లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఈ గొడవ ఇంకా ముదిరింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం విషయం మీదే. తర్వాత 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. సారా వేలంపాటలు ఊరూరా తెలిసిన సంగతే. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారు సారాయే పాకెట్లలో ఊళ్లకు వచ్చింది. సీసా మద్యం టోకు వ్యాపారానికి 1986లో బెవరేజెస్ కార్పొరేషన్ పెట్టారు. శాఖ పేరు మాత్రం ఇవాళ్టికీ మద్యనిషేధ, ఎక్సైజ్ శాఖ. ఒకే బోర్డు మీద ఒక మాట తాగొద్దంటుంది, రెండో మాట తాగితే పన్ను కట్టమంటుంది. ఇట్లాంటి బోర్డు రాసిన పెయింటరు నవ్వుకున్నాడో లేదో.

1992 సంగతి మీకు వేరే చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, ఇది మా కథే కదా అనుకుని, సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ సెగకు 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది. 1994 డిసెంబరు 12న ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం చేసిన చోటే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997 ఏప్రిల్ 1 నుంచి సడలింపు. పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు దొంగతనంగా వస్తున్నాయని, ఆదాయం పోయిందని కారణాలు చెప్పారు. ఆ కారణాలు అబద్ధమని మేము అనం. కర్ణాటక సరిహద్దు మనకు ఎంత దూరం!

ఇంత చరిత్రలో మాకు కనిపించిన లోటు ఒకటుంది. 1938లోనూ, 1993లోనూ, 1995లోనూ ప్రభుత్వం దుకాణం తలుపు గురించే ఆలోచించింది. దుకాణం మూసిన మర్నాడు ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో, అతన్ని ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పే ఏర్పాటు ఊరి దాకా రాలేదు.

ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాం, ఎందుకంటే ఇది ప్రాణం సంగతి. రోజూ ఎక్కువగా తాగేవాడి మెదడు మత్తుకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. రెండో రోజు, మూడో రోజుకు కొందరు మనుషుల్ని గుర్తుపట్టరు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని వాళ్లతో మాట్లాడతారు, పారిపోబోతారు. దీన్ని మనవాళ్లు గాలి సోకింది అంటారు. తాయెత్తు కడతారు, మంచానికి కట్టేస్తారు, గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంటారు. మొక్కుకోవడం తప్పు కాదు. కానీ ఆ మూడు రోజుల్లో వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. దేవుడికి దండం పెట్టి అటు నుంచి అటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆసుపత్రిలో చేసేది పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తారు. తాగేవాళ్లలో తరిగిపోయే బి1 విటమిన్, థయామిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడుకు హాని జరిగే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్తారు. మన ఆర్ఎంపీలు నీరసంగా ఉన్నాడని మొదట పెట్టేది ఆ సీసానే కాబట్టి ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తాగాలన్న యావ తగ్గించే మందులు, కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలరు, ఇంట్లోవాళ్లకు ధైర్యం, నెలకోసారి మళ్లీ వచ్చి చూపించుకోవడం. ఇది ఏడాది పని, ఒక్కోసారి రెండేళ్ల పని. మధ్యలో మళ్లీ తాగినా వైద్యం వృథా అయినట్టు కాదు. షుగరు మళ్లీ పెరిగితే డాక్టరు తిట్టి పంపడు కదా, మందు మార్చి చూస్తాడు. తెలుగులో మందు అన్న మాటకు రెండు అర్థాలు ఉండడం వల్ల మనకు నవ్వు వస్తుంది గానీ, మందు మానాలంటే మందు వేసుకోవాల్సిందే.

ఇక ఈ వైద్యం సర్కారు చేతికి ఎట్లా వచ్చిందో చూద్దాం. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఆ వెంటనే ఢిల్లీలో రెండు శాఖలు రెండు దారుల్లో పని మొదలుపెట్టాయి. సంక్షేమ శాఖ, అంటే ఇప్పటి సామాజిక న్యాయ శాఖ, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి వాటి చేత చికిత్స కేంద్రాలు నడిపించే పథకం పెట్టింది. ఆరోగ్య శాఖ 1987-88లో డ్రగ్ డీ అడిక్షన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టి సర్కారు ఆసుపత్రుల్లో కేంద్రాలు తెరిపించింది. దేశం మొత్తం మీద అట్లా తెరిచినవి 122. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 1988లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఆసుపత్రిలో మొదలుపెట్టిన విభాగమే 2003లో నేషనల్ డ్రగ్ డిపెండెన్స్ ట్రీట్‌మెంట్ సెంటర్‌గా ఘజియాబాద్‌కు మారింది. దేశంలో ఈ వైద్యానికి ఇప్పుడు పెద్ద దిక్కు అదే. మన రాష్ట్రంలో సీసాలు అమ్మే కార్పొరేషన్ పుట్టింది 1986లో, దేశానికంతా దిక్కయిన వైద్య కేంద్రం మొదలైంది 1988లో. తేదీలు మేము కావాలని పక్కపక్కన పెట్టలేదు, అవే అట్లా ఉన్నాయి.

ఆ 122 కేంద్రాల కథ కూడా చెప్పాలి. కేంద్రం ఒక్కసారి కట్టడానికి, సామాను కొనడానికి డబ్బిచ్చింది. నడుపుకోవాల్సిన ఖర్చు, డాక్టర్ల జీతాలు రాష్ట్రాల నెత్తిన పడ్డాయి. ఈశాన్య రాష్ట్రాలకు తప్ప ఏటేటా ఖర్చుకు ఢిల్లీ నుంచి రాలేదు. బిల్డింగు ఉంటే వైద్యం ఉన్నట్టే అన్న లెక్క అది. మన తాండాల్లో తాళం వేసిన కమ్యూనిటీ హాళ్లు చూసినవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు.

మనకు దగ్గరలో పేరున్నది బెంగళూరు నిమ్హాన్స్. అక్కడ 1991లో డీ అడిక్షన్ కేంద్రం మొదలైంది. మన మండలాల నుంచి బెంగళూరు పనులకు పోయిన పిల్లల పుణ్యమా అని ఆ పేరు తాండాల్లో చాలామందికి తెలుసు. కానీ నిమ్హాన్స్ చేసిన పనుల్లో మనకు ఎక్కువ పనికొచ్చే పాఠం బెంగళూరులో లేదు, బళ్లారిలో ఉంది. 1985 నుంచి 1990 దాకా వాళ్లు బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. మానసిక జబ్బులకు నగరం దాకా రానక్కర్లేకుండా పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేట్టు చేశారు. దాని మీదనే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది. మొదటి నాలుగు జిల్లాల్లో అప్పటి మన రాష్ట్రంలోని మెదక్ ఒకటి. బళ్లారి మన రాయలసీమ లాంటి నేలే, అక్కడా మనలాంటి లంబాణీ తాండాలే. అక్కడ కుదిరినది ఇక్కడ కుదరదనడానికి మాకు కారణం కనిపించలేదు.

ఇంకో పాఠం తమిళనాడుది. సర్కారుది కాకపోయినా చెప్పుకోవాలి. శాంతి రంగనాథన్ గారు భర్తను తాగుడు వల్ల పోగొట్టుకుని 1980లో చెన్నైలో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. ఆ తర్వాత వాళ్లు ఆసుపత్రినే పల్లెకు తీసుకుపోయారు. ఊళ్లోనే ఒక చోట క్యాంపు పెట్టి, తాగేవాళ్లను అక్కడే ఉంచి వైద్యం చేసి, ఊరి పెద్దల్ని అందులో కలుపుకుని, తర్వాత నెలనెలా వచ్చి చూసే పద్ధతి అది. ఒక్కడే పోయి మానుకుని వస్తే ఊళ్లో పాత స్నేహితులు మర్నాడే గ్లాసు చేతిలో పెడతారు. ఒకే తాండా నుంచి పదిమంది కలిసి మానితే ఒకరికొకరు కాపలా. నాయక్, కార్‌భారీ కూర్చుని పంచాయితీ చేసే అలవాటు ఇంకా చావని మనకు ఇంతకంటే సరిపోయే పద్ధతి ఏముంది?

కేరళలో ఎక్సైజ్ శాఖే 2016లో విముక్తి మిషన్ పెట్టింది. 14 జిల్లాల్లోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్కో డీ అడిక్షన్ కేంద్రం నడుపుతోంది. అమ్మకం మీద పన్ను తీసుకునే శాఖే మాన్పించే పని కూడా నెత్తికెత్తుకోవడం మాకు న్యాయంగానే అనిపించింది.

చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని జబ్బుల లెక్కలో చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట వైద్యం పొందడం హక్కు అని రాసింది. రోగిని గొలుసులతో కట్టకూడదంది. వైద్యం చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలంది. ఈ చివరి రెండు మాటలు ఎందుకు చెప్తున్నామంటే, నెలకు ఇంత అని డబ్బు కట్టించుకుని, గదిలో పెట్టి తాళం వేసి, ఫోన్ ఇవ్వకుండా, కొట్టి మాన్పించే చోట్లు ఉన్నాయి. మా తాండా మనిషి ఒకాయన అట్లాంటి ఒక చోట నుంచి నెల తర్వాత వచ్చాడు. వీపు మీద మచ్చలు చూపించాడు. వచ్చిన వారానికే మళ్లీ మొదలుపెట్టాడు. ఆ డబ్బు కోసం భార్య గొర్రెలు అమ్మింది.

మన రాష్ట్రానికి వద్దాం. 2019లో మన పులివెందుల ఎమ్మెల్యే ముఖ్యమంత్రి అయ్యారు. దశలవారీ నిషేధం అన్నారు. 2019 అక్టోబరు 1 నుంచి మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. దుకాణాలు 4,380 నుంచి 3,500కు తగ్గాయి, ధరలు పెరిగాయి. వాటితో పాటు జిల్లాల్లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీ అడిక్షన్ కేంద్రాలు తెరిచారు. మనకు కడప రిమ్స్‌లో. మద్యం మానాలంటే పోవడానికి సర్కారు చోటు ఒకటి ఉంది అన్న మాట మా తాండాల్లో మొదటిసారి విన్నది అప్పుడే. ఆ మేరకు ఆ పనిని మేము మెచ్చుకుంటాం. ఏ పార్టీ వాళ్లైనా మెచ్చుకోవాలి.

అది కుదురుకునే లోపే కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఒక్క రాత్రిలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. తాగుడు ఆగితే ఏం జరుగుతుందో అప్పటిదాకా పుస్తకంలో ఉన్నది వీధిలోకి వచ్చింది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో వచ్చినవాళ్లు వరుస కట్టారు. కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ మీద మద్యం ఇస్తామంటే హైకోర్టు ఆపింది. ఆ ఏడాదే జూలై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకని రోజుల్లో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. చేతులు కడుక్కునే నీళ్లు తాగిన వాళ్లను చూసి నవ్విన వాళ్లున్నారు. శానిటైజర్ తాగింది సరదాకు కాదు. ఒళ్లు అడిగింది, అడిగినదాన్ని ఆపే మాత్ర ఎక్కడుందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాం, మీ అందరి కళ్ల ముందు జరిగిందే. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు, 3,396. క్వార్టరు 99 రూపాయలకే అన్నారు. 2025లో నాటుసారా మాన్పించడానికి నవోదయం 2.0 పెట్టారు. గంజాయి మీద ఈగల్ అనే దళం వచ్చింది, నంబరు 1972. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దుకాణం ఎవరిదన్నది మారింది. బెల్టు షాపు మాత్రం ఏ పాలసీలోనూ లేకుండానే అన్ని పాలసీల్లోనూ బతికింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. ఆసుపత్రిలో పడక మీద వైద్యం అందేది 180 మందిలో ఒక్కరికి. ఇది దేశం మొత్తానికి. కొండ కింద తాండాకు ఈ లెక్క ఎంతకు దిగుతుందో మీరే ఊహించుకోండి. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఏజెన్సీలో ఐటీడీఏ ద్వారా అందే ఆసరా మనకు ఉండదు. గిరిజనులం, కానీ మైదానం గిరిజనులం. మనకంటూ విడిగా ఎవరూ ప్లాను వేయరు.

కడపకు మనుషుల్ని తీసుకుపోయిన మా అనుభవం చెప్తాం. తాండా నుంచి రోడ్డు దాకా నడక లేదా ఆటో. అక్కడి నుంచి వేంపల్లె, వేంపల్లె నుంచి కడప. వణుకుతున్న మనిషిని బస్సులో ఎక్కించుకోవడానికి కండక్టరు జంకుతాడు. తోడు వచ్చిన భార్యకు రోజు కూలి పోతుంది, వారం ఉండమంటే వారం కూలి పోతుంది, ఇంట్లో పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు. మొదటి వారం ఎట్లాగో గడుపుతారు. నెల తర్వాత మళ్లీ రమ్మన్న చీటీ గుడిసె చూరులో ఉండిపోతుంది. వైద్యం పనిచేయలేదు అంటారు. సగం వైద్యమే జరిగింది, మిగతా సగానికి బస్సు చార్జీ లేదు.

ఇంకో ఇబ్బంది మాటది. కౌన్సెలింగ్ అంటే మనసు విప్పి మాట్లాడడం. మన నడివయసు మగవాళ్లు ఆఫీసులో తెలుగులో సరే సార్, సరే సార్ అంటారు. అసలు మాట గోర్ బోలిలో ఇంటి దగ్గరే బయటపడుతుంది. కొడుకు పోయిన దుఃఖమో, అప్పు ఇచ్చినవాడు చేసిన అవమానమో, బెంగళూరు పనిలో పోయిన వేలో అప్పుడు చెప్తాడు. ఆ మాట వినగలిగిన మనిషి, మనలో చదువుకున్న ఒక అమ్మాయో అబ్బాయో, ఆ కుర్చీలో కూర్చుంటే తప్ప అది వైద్యం దాకా చేరదు.

వైద్యం లేని చోట పొడి వస్తుంది. మీ ఆయనకు తెలియకుండా అన్నంలో కలపండి, వారంలో మానేస్తాడు అని సంతల్లో, ఇప్పుడు ఫోన్లలో కూడా అమ్ముతున్నారు. కొన్నింటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. డైసల్ఫిరామ్ అనే నిజమైన మందు ఒకటి ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉండడానికే దాన్ని ఇస్తారు. రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇవ్వాల్సిన మందు అది. తెలియకుండా పెడితే, అతను ఎప్పటిలాగే క్వార్టరు తాగితే, ప్రాణం మీదికి వస్తుంది. అక్కల్లారా, మీ కష్టం మాకు తెలుసు. ఆ పొడి మాత్రం కొనొద్దు.

అందుకని మేము అడుగుతున్నది పెద్ద బిల్డింగు కాదు. పులివెందులలో పెద్ద ఆసుపత్రి భవనం ఇప్పటికే ఉంది. అందులో ఈ వైద్యానికి కొన్ని పడకలు కేటాయిస్తే కడప దాకా పోవాల్సిన పని సగం తప్పుతుంది. వారానికి ఒక రోజు మన పీహెచ్‌సీలో మానసిక వైద్య నిపుణుడు కూర్చోవాలి. మిగతా ఆరు రోజులు అదే మందులు అక్కడి డాక్టరు ఇచ్చేట్టు బళ్లారిలో చేసినట్టు శిక్షణ ఇవ్వాలి. థయామిన్ ఇంజెక్షను, ఫిట్స్ మందు ఎప్పుడూ స్టాకు ఉండాలి. ఏడాదికి ఒకసారి తాండాల మధ్య పది రోజుల క్యాంపు పెట్టాలి. గోర్ బోలి వచ్చిన ఆశా కార్యకర్తకు కౌన్సెలింగ్ నేర్పించాలి. నాటుసారా కేసులో దొరికిన మనిషి తాగుడుకు బానిసైతే, కేసు కాగితంతో పాటు ఆసుపత్రి చీటీ కూడా చేతిలో పెట్టాలి. సీసా మీద వచ్చే ఆదాయంలో ఇంత భాగం ఈ పనికే అని రాసి పెడితే, 1938 నుంచి నడుస్తున్న బాకీలో కొంతైనా తీరుతుంది.

సాయం కావాల్సినవాళ్లు ఈలోపు రెండు నంబర్లు రాసుకోండి. వ్యసన విముక్తికి దేశవ్యాప్త హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, అందులో తెలుగులో మాట్లాడతారు. రెండింటికీ డబ్బు లేదు. ఎవరికైనా తాగుడు ఆపాక ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, నంబర్లు వెతకొద్దు, 108కి చేయండి.

పైన చెప్పినవన్నీ రాసిన అర్జీ ఒకటి జిల్లా కలెక్టరు గారి పేర తయారుగా ఉంది. ప్రతులు షామియానా బయట బల్ల మీద పెట్టాం. సంతకం పెట్టేవాళ్లు తాండా పేరు, పంచాయతీ పేరు కూడా రాయండి, వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకు ప్యాడు ఉంది. సంచికను ఫోన్లో చదివే మన పిల్లలు మీ నాయక్‌కు ఫోను చేసి, మీ తాండా పేరు అందులో ఉందో లేదో కనుక్కోండి. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వడానికి కడప వెళ్తున్నాం. వచ్చేవాళ్లు పొద్దున ఆరింటికి చక్రాయపేట బస్టాండు దగ్గర ఉండాలి.

జై సేవాలాల్.